ముత్యాలయ్యకు కాపలా

చేపల వేట నిషేధం ఆ రోజుతో ముగుస్తుంది. తెల్లవారితే పాళెంలోని బోట్లన్నీ సముద్రంలోకి దిగుతాయి. వలలు, ఐసు అమ్మే నాగుల్ మీరా కొట్టులో గల్లాపెట్టె వెనక మీరా, ఎదురుగా స్టూలు మీద బోటు యజమాని సుబ్బు. కొట్టు వరండాలో కూర్చుని చినిగిన వలలు బాగుచేసే ముత్యాలయ్య టీ తేవడానికి వెళ్లాడు. అతను లేనప్పుడే అతని సంగతి మాట్లాడుకోవాలన్నది ఆర్నెల్లుగా పాళెమంతా పాటిస్తున్న కట్టుబాటు.

"నువ్వెన్నయినా చెప్పు మీరన్నా, ముత్యాలుగాణ్ణి నేను బోటెక్కించను."

"ఎందుకెక్కించవు? మీ నాయన కాలం నుంచి మీ బోటు మీద వల లాగినోడు."

"లాగినాడు. కాదన్లా. ఇప్పుడు వాడి సంగతి వేరు గదా."

"ఏం వేరు? చేతులు పోయినాయా, కాళ్లు పోయినాయా?"

"అదేన్నా... చలికాలంలో... అది."

"ఏది?"

"నా నోటితో అనిపిస్తావేంది? ఆ మాట అనకూడదు. అంటే మళ్లా వాడి బుర్రలోకి ఎక్కుతాదంట."

"వాడు ఇక్కడ లేడు గదా."

"లేకపోతే మటుకు? గాల్లో ఉంటాది మాట."

"సరే, అది. అది అయి ఆర్నెల్లయింది. దేవుడి దయ, బతికి బయటపడినాడు. నెల్లూరు డాక్టరమ్మ కాడ మందులు తింటుండాడు. కూడు తింటుండాడు. నిద్రపోతుండాడు. ఇంకేం కావాల నీకు?"

"నడిసముద్రంలో వాణ్ణి ఎవురు కనిపెట్టుకోనుంటారు? ఏమన్నా అయిందనుకో. పోలీసులు, కేసు, బోటు గట్టునే. దానికి తోడు చెడ్డ పేరు. ఆ బోటా అంటారు. పనిలోకి ఒక్కడూ రాడు."

"అంటే మనిషి కన్నా బోటు బరువు ఎక్కువ తూగింది."

"నీకు అన్నీ కాటాలో కనిపిస్తాయి."

"కాటా యాడుండాది నా కాడ? అఫ్జల్‌కి ఇచ్చేసినా."

"విన్నా, విన్నా. మీ అబ్బాజాన్ కాటా గదా అది? నువ్వు ఎవుర్నీ ముట్టుకోనిచ్చేవాడివి కాదే."

"తమ్ముడి కొడుకు. చేపల యాపారంలోకి దిగినాడు. నేను ఎన్నాళ్లని పట్టుకోని కూర్చునేది?"

"మక్కా పోతుండావు గదా, అందుకని ఇచ్చేసింటావులే అనుకున్నా."

"ఆ... అదే."

"ఎప్పుడన్నా ప్రయాణం?"

"చూస్తాంలే."

"మొన్న మా ఇంటికొచ్చినావంట. మా అమ్మ ముందర చేతులు కట్టుకోని, ఏదన్నా తప్పు చేసుంటే మాఫ్ చెయ్యమ్మా అన్నావంట. ముసల్ది గుడ్లనీళ్లు పెట్టుకోని కూర్చునింది. సాయిబులు మక్కా పొయ్యే ముందర అందరి కాడికీ పోయి అట్టా అడుగుతారమ్మా, అది వాళ్ల ఆచారం అని నేను చెప్పినాకే లేచి కూడొండింది."

"పెద్దామె. మంచామె."

"పాళెంలో మనోళ్లు పూలదండలకి చెప్పినారు. సూళ్లూరుపేట స్టేషను దాకా వ్యాన్ మాట్లాడినాడు హజరత్తయ్య."

"అవన్నీ ఏమొద్దని చెప్పు సుబ్బూ."

"నువ్వు వద్దంటే మటుకు ఊరుకుంటారా? మన పాళెం రోడ్డు నుంచి మక్కా పొయ్యే మొదటి మనిషివి."

"అది సరే, నా మాట విను. అన్నీ తేల్చేసినా. ఎవురికి చెప్పాల్సింది వాళ్లకి చెప్పినా, ఎవురికి ఇవ్వాల్సింది వాళ్లకి ఇచ్చినా. ఈ ముత్యాలుగాడి సంగతి ఒక్కటే మిగిలింది. రేపు వాణ్ణి బోటెక్కిస్తే నాకు నిశ్చింత."

"నువ్వు తిరిగొచ్చినాక చూద్దాం."

"అప్పటిదాకా ఎందుకు?"

"ఎందుకంటే... నిదానంగా... తొందరేముంది? నీ కాడే ఉండనీ అన్నా. నీ కాడుంటే మాకందరికీ భరోసా."

"నా కాడ ఏముండాది, చినిగిన వలలు తప్ప?"

"అది అడుగుదామనే ఉండా. రెండు నెల్లుగా బోటు కదల్లా. వలలు యాడ చినుగుతుండాయి నీకు?"

"మెల్లగా మాట్లాడు."

"ఏందన్నా?"

"నేనే కోస్తుండా."

"ఏందీ!"

"అరవబాక. పొద్దున్నే కొట్టు తెరుస్తానే, వాడొచ్చేలోగా ఒక కొత్త వల తీసి బ్లేడుతో అక్కడక్కడా తెంచి పెడతా. లేకపోతే వాడికి ఏం పని చూపించేది? ఊరికే కూర్చోబెడితే కాపలా అని తెలిసిపోతాది గదా."

"అమ్ముకునే సరుకు నువ్వే కోసుకుంటుండావా?"

"ఏం చేసేది? వాడు కుడతాడు, నేను కోస్తా. యాపారం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇంత నికరంగా నడిచిన పని ఇంకోటి లేదు."

"నువ్వు దేవుడివన్నా."

"దేవుణ్ణా? చలికాలంలో వాడు ఇదే స్టూలు మీద కూర్చోని అన్నాడు, బతకాలని లేదు మీరన్నా అని. చెప్పేవాడు చెయ్యడులే అని టీ తాపించి పంపించినా. మంచి టీయే. ఏలక్కాయ వేసింది."

"మనందరం అట్టనే అనుకున్నాం గదా. అయినా వాడికేం తక్కువని? అప్పు లేదు. పెళ్లాం పేరమ్మ అట్టాంటి ఇట్టాంటి మనిషి కాదు. కారణం లేకుండా ఎందుకనిపిస్తాది ఎవురికైనా?"

"కారణముంటే మేలు గదా సుబ్బూ. తీర్చేయొచ్చు."

"ఏందన్నా అన్నావు?"

"ఏం లేదు. అదిగో వస్తుండాడు."

"ఆ... అదే మీరన్నా, ఐసు... ఐసు గెడ్డలు ఈసారి జాస్తి కావాల నాకు."

"పంపిస్తాలే."

"ఏం సుబ్బన్నా, నా గురించేనా?"

"నీ గురించి ఎందుకు మాట్లాడతాం ముత్యాలూ? ఐసు గురించి. ఐసు!"

"ఐసు గురించి అయితే అంత చెమటలేంది నీకు?"

"ఎండ గదబ్బా. సరే, నేను పోతా. ముత్యాలూ, నవ్వుతా ఉండాల. ధైర్యంగా ఉండాల. ఏం?"

"నవ్వుతానే ఉండా సుబ్బన్నా. దవడలు నొస్తుండాయి."

సుబ్బు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. ముత్యాలయ్య ఒక గ్లాసు మీరా ముందు పెట్టి, తన గ్లాసుతో స్టూలు మీద కూర్చున్నాడు. ఒడిలో సగం కుట్టిన వల.

"ఏమంటాడు సుబ్బన్న?"

"చెప్పినాడు గదా. ఐసు."

"రేపు వేటయితే ఐసు బేరం ఈ పొద్దు దాకా ఆగతాదా?"

"నీకెందుకు అవన్నీ? టీ తాగు."

"తాగతుండా. టీ కొట్టు చిన్నపోలయ్య చూడు, నన్ను చూస్తే చాలు, ఒక చెంచా చక్కెర జాస్తి వేస్తాడు. ఆర్నెల్లుగా పాళెంలో అందరూ నాకు చక్కెరే పోస్తుండారు. చివరికి షుగరొస్తే దానికి ఇంకో డాక్టరు కాడికి తిరగాల."

"అభిమానంరా."

"అభిమానమే. కాదన్లా. మొన్న హజరత్తయ్య ఇంట్లో టీవీ చూస్తుంటే వార్తల్లో ఆ మాట వచ్చింది. ముగ్గురు ఒక్కసారే రిమోటు మీదికి దూకినారు. హజరత్తయ్య చెయ్యి బెణికింది. ఇప్పుడు కట్టు కట్టుకోని తిరగతా, జారి పడినా అని చెప్తుండాడు నాకు."

"నీ మంచికే గదా."

"నా మంచికే. నేను నోరు తెరిచి చెప్పినప్పుడు ఎవురికీ వినపడలా. ఇప్పుడు నోరు మూసుకోనుంటే ఊరంతా చెవులు రిక్కించి కూర్చునుండారు."

"పాత సంగతులు ఎందుకులే. ముత్యాలూ, రేపు నువ్వు బోటెక్కాల. సుబ్బుతో నేను మాట్లాడతా."

"మాట్లాడినావు గదా ఇప్పుడు. వద్దన్నాడు గదా."

"నువ్వు విన్నావా?"

"వినాల్సిన పని లేదు. వద్దనమని చెప్పింది నేనే."

"ఏందీ?"

"సుబ్బన్న ఎప్పుడో రమ్మన్నాడు నన్ను. పేరమ్మ ముందరే అన్నాడు. నేనే రానన్నా. మీరన్న అడిగితే మటుకు, నువ్వే ఒప్పుకోవడం లేదని చెప్పు అన్నా. పాపం, వాడికి అబద్ధం చేతకాదు. పోలీసులు, కేసు అన్నాడా?"

"అన్నాడు."

"బోటుకి చెడ్డ పేరు అన్నాడా?"

"అన్నాడు."

"చలికాలంలో నా గురించి నిజంగా అన్న మాటలే అవి. పాత సరుకు మళ్లా నీకు అమ్మేసినాడు."

"నీకు పిచ్చేమన్నా పట్టిందా? సముద్రం తప్ప ఇంకోటి ఎరగవు నువ్వు. రానన్నావా?"

"రానన్నా. ఈ వల చూడన్నా."

"ఏముండాది? చినిగింది."

"పీత కొరికితే పోగు పీచులేస్తాది. పెద్ద చేప తన్నుకుంటే కన్ను సాగి తెగుతాది. ఇది చూడు, నున్నగా తెగింది."

"ఎలకేమో."

"గీత గీసినట్టు కొరికే ఎలక నీ కొట్లోనే ఉండాది."

"...ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదటి దినమే."

"తెలిసీ కుట్టినావా ఇన్నాళ్లు?"

"కుట్టకపోతే నాకు నీ కొట్లో కూర్చునే పని ఉండదు గదా. నువ్వు కొయ్యడం ఎప్పుడు మానేస్తావోనని నాకు రోజూ భయమే."

"కూర్చునే పనేంది?"

"నన్ను ఈ కొట్లో పెట్టుకోమని నీకు చెప్పిందెవురు?"

"ఇంకెవురు, మీ వదిన మస్తాన్."

"ఏమని చెప్పింది?"

"పాపం, ఒంటిగా ఉంటే మంచిది కాదు, నీ కళ్ల ముందర ఉంటే నాకు నెమ్మది అనింది. నీ గురించి."

"నాతోనూ అదే అనింది వదిన. మనిషి పేరు మార్చి."

"...ఏం మాట్లాడుతుండావురా?"

"నెల కిందట మా ఇంటికొచ్చింది. పేరమ్మ నీళ్లిస్తే తాగలా. ముత్యాలూ, నువ్వు ఆ దోవలో పోయి తిరిగొచ్చినోడివి, మా ఆయన కూడా అటే పోతుండాడేమో చూసి చెప్పు, నాకు చూడ్డం తెలీదు అనింది."

"పిచ్చిది. అంతా పిచ్చిదానితో యవ్వారం. నాకేంరా? కొట్టు బాగుండాది. కూతురు షమీమ్ కాపురం బాగుండాది. కొడుకు తహీర్ కావలి కాలేజీలో చదువుకుంటుండాడు. ఏం తక్కువ నాకు?"

"తక్కువని నేను అన్లా."

"మరి?"

"వేలం పాటలో నువ్వు నోరు తెరిస్తే సుంకం గేటు దాకా వినపడేది. మొన్న చెరువు పీతల పాటలో మొదటి కూతకే వదిలేసి నడిచిపోయినావు. మంచి పీతలన్నా. అట్టాంటి పీతల్ని నువ్వు వదిలేసినావు! గట్టున అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు."

"ఆ పొద్దు తలనొప్పి."

"కాటా అఫ్జల్‌కి ఇచ్చినావు. చేతి గడియారం తహీర్‌కి పంపించినావు. ఏ తాళం యాడిదో వదినకి కూర్చోబెట్టి చెప్పినావు."

"మక్కా పొయ్యే మనిషి అవన్నీ సర్దిపెట్టుకోడా?"

"పాస్‌పోర్టు చూపించు."

"ఇంట్లో ఉండాదిలే."

"నీకు పాస్‌పోర్టే లేదంట. ఇంటామెతో అనకుండా, తేదీ లేకుండా, పాస్‌పోర్టు లేకుండా మక్కా ఎవురు పోతారన్నా?"

"నేనుగా మక్కా అన్లేదు. మాఫ్ చెయ్యమన్నా, అంతే. మక్కా అని వాళ్లే అనుకున్నారు."

"నువ్వు కాదన్లా."

"కాదంటే మరెందుకని అడుగుతారు గదా."

"అడగలా. దండలకి చెప్పినారు. వ్యాన్ మాట్లాడినారు."

"...మంచోళ్లు."

"మంచోళ్లే. వదిన చెప్పినాక సుబ్బన్న, పేరమ్మ నీ మీద ఒక కన్నేసినారు. సుబ్బన్న రోజూ వచ్చి ఐసు గురించి మాట్లాడతాడు. వేట లేని రోజుల్లో ఐసెందుకన్నా ఎవురికైనా? పేరమ్మ మధ్యాన్నం రెండు గిన్నెలు తెస్తాది. నీకిచ్చే రెండో గిన్నె ఖాళీ అయిందా లేదా అని వదినకి ఫోన్ పోతాది. చిన్నపోలయ్యకి నేనే చెప్పినా."

"వాడికేం చెప్పినావు?"

"ఏం లేదు, మీరన్నని కాస్త చూసుకో అన్నా. నీ టీ ఎట్టుండాది?"

"...చక్కెర జాస్తి."

"చూసినావా? ఎవురికీ ఇంకోటి చేతకాదు."

"నన్ను కాపలా కాస్తుండారా మీరంతా? నేను నిన్ను కాస్తుంటే?"

"నువ్వు నన్ను. నేను నిన్ను. మనిద్దర్నీ ఊరంతా. ఎంత కాపలా ఉండాదో చూడు. అడిగే మనిషి మటుకు ఒక్కరూ లేరు."

"అడగడానికి ఏముండాదిలే."

"నెల్లూరులో షారన్ డాక్టరమ్మ నన్ను మొదటి దినమే అడిగింది. చుట్టూ తిప్పకుండా ఆ మాట పెట్టే అడిగింది. నేను ఏడ్చినా. ఎన్నాళ్లుగానో నెత్తిన మోస్తున్న గంప ఎవురో ఒక చెయ్యేసి దించినట్టుండింది. తర్వాత ఆమె చెప్పింది, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదయ్యా, ఉన్నది బయటికొచ్చే దోవ దొరకతాది అని. అంత తెలిసినోణ్ణి. మరి నేనేం చేసినా? నెల దినాలు నీ ముందర కూర్చోని వల కుట్టినా."

"మంచిగా కుట్టినావు."

"నోరు రాలా మీరన్నా. పొద్దున్నే అడగాలని వస్తా. అడిగితే నీ బుర్రలోకి నేనే ఎక్కించినట్టవుతాదేమోనని సూది పట్టుకుంటా. సుబ్బన్ననీ హజరత్తయ్యనీ ఎగతాళి చేసే నోరు నాది. నేనూ ఆ రిమోటు మీదికి దూకినోణ్ణే."

"టీ చల్లారిపోయింది ముత్యాలూ. ఇంకోటి చెప్పు పో."

"పోను. చలికాలంలో నువ్వు నాకు టీ తాపించి పంపించినావు. నేను నీకు ఆ పని చెయ్యను. ఇటు చూడు."

"చూస్తుండా, చెప్పు."

"వలని కాదు. నన్ను చూడు. నేనొక మాట అడుగుతా. నువ్వు కాదంటే నేను రేపు సుబ్బన్న బోటెక్కతా. అవునంటే ఇద్దరం నెల్లూరు బస్సెక్కతాం. డాక్టరమ్మకి ఫోన్ చేసి పెట్టినా, వదిన కూడా వస్తాది. ఏదన్నా సరే, నేను భయపడను, ఎవురి మీదికీ అరవను, కారణమేందని అడగను."

"అయితే అడుగు."

"చచ్చిపోవాలనిపిస్తుండాదా నీకు, మీరన్నా?"

"ఆ ఒక్క మాట ఎవురన్నా అడుగుతారేమోననే గదరా ముత్యాలూ, నేను ఇంటింటికీ పోయి నిలబడింది."